గ్రహాల మీద పరిశోధన, పిల్లలకు చెప్పడం: ఈ రెండూ కలిసి బతుకుతెరువు అవుతాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. చంద్రయాన్-3 దిగిన రోజు నుంచి గ్రహాల మీద పరిశోధన చేస్తానంటోంది. వేసవి సెలవుల్లో వీధిలో పిల్లల్ని పోగేసి పాఠాలు చెప్పడమన్నా దానికి ఇష్టం. ఈ రెండూ కలిసిన ఉద్యోగం ఏదైనా ఉంటుందా? ఇంట్లో అందరూ కంప్యూటర్ సైన్స్‌లో చేర్చమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: చంద్రుడి మీది మట్టిలో, రాళ్లలో ఏ ఖనిజాలున్నాయో వాటి మీద పడి వెనక్కి వచ్చే వెలుతురును బట్టి కనిపెట్టడం నా పని. 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 ఎగిరినప్పుడు నేను పీహెచ్‌డీ విద్యార్థిని. అప్పటి నుంచి ఇప్పటి దాకా పరిశోధనా మానలేదు, బళ్లకు వెళ్లి చెప్పడమూ మానలేదు. అందుకని మీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను.

ముందు సూటిగా చెప్తాను. ఈ రంగంలో ఉద్యోగాలున్నాయి, కానీ తక్కువ. దారి పొడుగు. మీరు అడిగిన ‘రెండూ కలిసిన ఉద్యోగం’ అనే పేరుతో నోటిఫికేషన్ ఎప్పుడూ పడదు. ఉద్యోగం పరిశోధనకే ఇస్తారు, చెప్పే పని మనంతట మనమే కలుపుకోవాలి. అయితే ఇవి రెండు వేర్వేరు పనులని నేను అనుకోను. ఎందుకో చెప్పాలంటే ఒక పిల్లాడి గురించి చెప్పాలి.

2009 సెప్టెంబర్‌లో పెద్ద వార్త వచ్చింది గుర్తుందా? చంద్రయాన్-1లో నాసా వాళ్ల ఎం3 అనే పరికరం చంద్రుడి మీద నీటి జాడ చూసిందని. ఆ తర్వాత కొన్ని నెలలకు గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో మాట్లాడాను. బొమ్మలు చూపించాను, చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఏడో తరగతి పిల్లాడు లేచి, “మేడం, అవి నీళ్లేనని ఎట్లా తెలిసింది? ఎవరన్నా తాగి చూశారా?” అని అడిగాడు. పిల్లలందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు ఆ రోజు మా రంగంలో ఎవరి దగ్గరా పూర్తిగా లేదు.

కొంచెం ఓపిగ్గా చదవండి, మా పనంతా ఇందులోనే ఉంది. ఒక్కో ఖనిజం ఎండలోని ఒక్కో రకం వెలుతురును మింగేస్తుంది. ఏ రకమన్నది వెలుతురు తరంగం పొడవును బట్టి చెప్తాం, దాన్ని మైక్రాన్లలో కొలుస్తాం. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మీ వంటింటి గట్టుకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయించి ఉంటే, నల్లరాయిలో బంగారు చుక్కల్లా మెరిసేవి చూసే ఉంటారు. వ్యాపారులు గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి రాయి. ఆ చుక్కలు పైరాక్సీన్ అనే ఖనిజం. అది దాదాపు 1 మైక్రాన్, 2 మైక్రాన్ల దగ్గర కంటికి కనిపించని వెలుతురును మింగుతుంది. చంద్రుడి మీద నుంచి వచ్చే వెలుతురును గ్రాఫ్‌గా గీస్తే గీతలో సరిగ్గా అక్కడ గుంటలు కనిపిస్తే, పైరాక్సీన్ ఉందని చెప్తాం. అలాగే 3 మైక్రాన్ల దగ్గర గుంట కనిపిస్తే నీరు అనుకుంటాం. చిక్కల్లా ఏమిటంటే, నీటి అణువూ, ఒక హైడ్రోజన్ తక్కువైన హైడ్రాక్సిల్ కూడా ఇంచుమించు అక్కడే మింగుతాయి. పైగా ఎం3 చూడగలిగింది 3 మైక్రాన్ల వరకే. గుంట మొదలవడం కనిపించింది, అవతలి గట్టు కనిపించలేదు. ఎండకు కాగిన చంద్రుడి నేల తన వేడిని కూడా అదే చోట వెలువరిస్తుంది, లెక్కలోంచి దాన్ని ఎంత తీసేయాలన్నది మరో తగాదా.

ఇదంతా ఆ పిల్లాడికి తెలియదు. కానీ వాడు అడిగింది మాత్రం మేం సదస్సుల్లో వాదించుకుంటున్న ప్రశ్నే. నేను ఆ రోజు ఏదో సర్దిచెప్పి వచ్చేశాను. రైల్లో వస్తూ ఉంటే మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్ల నా పని ఆ వేడిని సరిగ్గా తీసేయడం మీదే నడిచింది. చంద్రయాన్-2లో ఐఐఆర్‌ఎస్ అనే పరికరాన్ని 5 మైక్రాన్ల దాకా చూసేలా చేశారు, అంటే గుంటకు రెండు గట్లూ కనిపిస్తాయి. 2020లో సోఫియా అనే టెలిస్కోప్, బోయింగ్ 747 విమానంలో అమర్చిన టెలిస్కోప్ అది, 6.1 మైక్రాన్ల దగ్గర చూసింది. అక్కడ నీటి అణువు మాత్రమే మింగుతుంది, హైడ్రాక్సిల్ మింగదు. చంద్రుడి నేల మీద క్లేవియస్ అనే పెద్ద గుంత దగ్గర నీరు దొరికింది. ఎంతో తెలుసా? ఘనమీటరు మట్టికి ఒక చిన్న సీసాడు, సుమారు 350 మిల్లీలీటర్లు. ఆ పిల్లాడి ప్రశ్నకు గట్టి జవాబు వచ్చేసరికి పదేళ్లు దాటింది. వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. తెలిస్తే వెళ్లి చెప్పి వచ్చేదాన్ని.

నేను పిల్లల దగ్గరికి వెళ్లడం సేవ అనుకుని కాదు. ‘ఎలా తెలిసింది’ అని మొహమాటం లేకుండా అడిగేది వాళ్లే. మా సదస్సుల్లో పెద్దవాళ్లం చాలా వాటిని అందరికీ తెలిసినవే అన్నట్టు దాటేస్తాం.

ఇక చదువు సంగతి. గ్రహాల సైన్స్‌కు నేరుగా డిగ్రీ కోర్సు మన దగ్గర దాదాపు లేదు. ఫిజిక్స్ నుంచి, జియాలజీ నుంచి, కెమిస్ట్రీ నుంచి, ఇంజినీరింగ్ నుంచి, నాలుగు వైపుల నుంచీ వచ్చి కలుస్తారు. నేను జియాలజీ నుంచి వచ్చాను. ఎమ్మెస్సీ జియాలజీ అన్నప్పుడు మా బంధువులు “బావుల్లో నీళ్లు చూస్తావా?” అన్నారు. తర్వాత నాకు బాగా అక్కరకు వచ్చింది ఆ జియాలజీయే. రాయిని చేత్తో పట్టుకుని, పగలగొట్టి, పల్చటి ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూసిన వాళ్లకు, తాకలేని రాళ్ల గురించి అనుమానపడటం తెలుస్తుంది.

మీ అమ్మాయిది ఎంపీసీ కాబట్టి దారులు చాలా ఉన్నాయి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ వాళ్ల ఐఐఎస్‌టీ ఉంది. ఐఏటీ అనే పరీక్ష రాస్తే ఐసర్లు అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలు, అందులో ఒకటి మన తిరుపతిలోనే ఉంది. ఇవేవీ రాకపోయినా కంగారు పడొద్దు. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో జియాలజీ ఉంది. మామూలు డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసి, జామ్ రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లిన వాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ తర్వాత నెట్, గేట్, జెస్ట్ లాంటి పరీక్షల్లో ఒకటి పాసై పీహెచ్‌డీకి వెళ్లాలి. మన దేశంలో ఈ పనికి పెద్ద చిరునామా అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ. 1947లో విక్రమ్ సారాభాయ్ మొదలుపెట్టింది. చంద్రయాన్-3 రోవర్ మీద ఉన్న, మట్టిలో ఏ మూలకాలున్నాయో చూసే ఏపీఎక్స్‌ఎస్ అనే పరికరం అక్కడే తయారైంది.

కంప్యూటర్ సైన్స్‌లో చేరినా దారి మూసుకుపోదు, ఇది ఇంట్లో వాళ్లకు చెప్పండి. నా రోజులో ఎక్కువ భాగం కోడ్ రాయడమే. పరికరం పంపిన అంకెల్లోంచి పరికరం తప్పుల్ని తీసేయాలి, సూర్యుడి కోణాన్ని సరిచేయాలి, మళ్లీ చూడాలి. బొమ్మ అందంగా వచ్చిన రోజున సంబరం కంటే అనుమానం ఎక్కువ ఉంటుంది. మీ అమ్మాయికి ఇది విసుగనిపిస్తుందా, తిండి మర్చిపోయేంత ఇష్టమనిపిస్తుందా అన్నది ముందే తెలుసుకోవడం మంచిది. తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఉన్న ఇస్రో డేటా కేంద్రం, ప్రదాన్ అనే పోర్టల్‌లో చంద్రయాన్ డేటాను ఉచితంగా ఇస్తుంది. పేరు నమోదు చేసుకుంటే చాలు. మ్యాపులు తెరిచే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, కోడ్ రాసే పైథాన్ ఉచితం. చంద్రయాన్-2 ఓహెచ్‌ఆర్‌సీ కెమెరా తీసిన బొమ్మల్లో ఒక్కో చుక్క దాదాపు 25 సెంటీమీటర్ల నేల. అంటే పీట సైజు రాయి కూడా కనిపిస్తుంది. నేను పీహెచ్‌డీలో ఉన్నప్పుడు ఇలాంటి బొమ్మ ఒక్కటి చూడగలిగితే పండగ చేసుకునేదాన్ని, ఇప్పుడు ఇంటర్ పిల్లలు ఇంట్లో కూర్చుని తెరవొచ్చు.

డబ్బు విషయం దాచకుండా చెప్పాలి. పీహెచ్‌డీలో ఇచ్చే జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఐదేళ్లు, ఒక్కోసారి ఆరేళ్లు పడుతుంది. ఆ తర్వాత ఒకటో రెండో పోస్ట్‌డాక్‌లు, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు, తరచుగా విదేశంలో. స్థిరమైన ఉద్యోగం చేతికొచ్చేసరికి ముప్పై దాటుతాయి. ఆ వయసుకు క్లాస్‌మేట్లు ఇళ్లు కొనుక్కుని ఉంటారు. ఆడపిల్లకైతే సరిగ్గా అప్పుడే పెళ్లెప్పుడని చుట్టూ ఒత్తిడి. నా విషయంలో మా నాన్న ఒక్కటే అన్నారు, “దాని పని అయ్యేదాకా ఎవరూ తొందర చేయొద్దు.” ఆ మాట లేకపోతే నేను రెండో ఏడాదే ఇంటికి వచ్చేసేదాన్ని. మీరు తండ్రి కాబట్టి ఇది మీకోసమే రాస్తున్నాను.

మధ్యలో ఆగిపోయినా నేర్చుకున్నది వృథా కాదు. జియాలజీ, రిమోట్ సెన్సింగ్ (దూరం నుంచి నేలను పరిశీలించే విద్య) వచ్చిన వాళ్లకు హైదరాబాద్‌లోనే ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, అణు ఖనిజాల సంస్థ ఏఎండీ ఉన్నాయి. యూపీఎస్సీ పెట్టే జియో సైంటిస్ట్ పరీక్షతో భూగర్భ సర్వే సంస్థ జీఎస్‌ఐలో చేరొచ్చు. నాతో మొదలుపెట్టిన వాళ్లలో కొందరు అటు వెళ్లి సంతోషంగా ఉన్నారు.

చెప్పే పని గురించి. మన సంస్థల్లో పేపర్లు లెక్కపెడతారు, వెళ్లిన బళ్లను లెక్కపెట్టరు. ఒకసారి నా ప్రమోషన్ ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన “మీరు ప్రచారం మీద సమయం ఎక్కువ పెడుతున్నట్టున్నారు” అన్నారు. చాలా బాధపడ్డాను. అమెరికాలో గ్రహ శాస్త్రవేత్తల సంఘం ఈ పనికి 1998 నుంచి కార్ల్ సాగన్ పేరుతో పతకం ఇస్తోంది. 2002లో హైడీ హామెల్‌కు వచ్చింది. 1994 జులైలో షూమేకర్-లెవీ తోకచుక్క ముక్కలు బృహస్పతి మీద పడుతున్నప్పుడు, హబుల్ టెలిస్కోప్‌తో బొమ్మలు తీసిన బృందాన్ని నడిపించింది ఆమే, ఆ రోజుల్లో టీవీలో జనానికి విడమరచి చెప్పిందీ ఆమే. అలాంటి గుర్తింపు మన దగ్గర కూడా రావాలి. అది వచ్చేదాకా మీ అమ్మాయి వారం రోజులు ప్రయోగశాలకు ఇచ్చి, శనివారం బడికి ఇవ్వాల్సి ఉంటుంది. నేను అలాగే చేశాను.

ఎలా చెప్పాలన్నది నేను తప్పులు చేస్తూ నేర్చుకున్నాను. మొదట్లో కంప్యూటర్ ప్రెజెంటేషన్ తీసుకెళ్లేదాన్ని. కరెంటు పోతే అంతా ఆగిపోయేది. ఇప్పుడు సంచీలో ఉండేవి ఇవి: బియ్యప్పిండి, ముగ్గుల్లో వేసే రంగుపొడి, గోలీలు, ఒక ఫుట్‌బాల్, ఒక టెన్నిస్ బంతి, రెండు రాళ్లు.

ఫుట్‌బాల్ భూమి, టెన్నిస్ బంతి చంద్రుడు, ఎంత దూరంలో పెట్టాలో మీరే చెప్పండి అంటాను. దాదాపు అందరూ మూరెడు దూరంలో పెడతారు. పుస్తకాల్లో బొమ్మలు అలాగే ఉంటాయి మరి. తర్వాత లెక్క చెప్తాను. భూమి అడ్డకొలతకు 30 రెట్ల దూరంలో చంద్రుడున్నాడు, అంటే ఈ బంతుల లెక్కన ఆరున్నర మీటర్లు. టెన్నిస్ బంతి పట్టుకున్న పిల్ల నడుస్తూ నడుస్తూ తలుపు దాటి వరండాలోకి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి తిరిగి చూసి “ఇంత దూరమా!” అంటుంది. ముందు వాళ్ల చేత ఊహ చెప్పించాలి, ఆ తర్వాతే కొలత. ఈ వరస తారుమారైతే అది వట్టి అంకెగా మిగిలిపోతుంది.

పళ్లెంలో పిండి పోసి, పైన పల్చగా రంగుపొడి చల్లి, గోలీ వదిలితే గుంత పడుతుంది, లోపలి తెల్లపిండి చుట్టూ గీతల్లా చిమ్ముతుంది. పౌర్ణమి నాడు చంద్రుడి కింది భాగంలో టైకో అనే గుంత చుట్టూ కనిపించే తెల్లటి గీతలు అలా వచ్చినవే. టైకో అడ్డకొలత సుమారు 85 కిలోమీటర్లు. పళ్లెం చూసిన పిల్లలు ఆ రాత్రి డాబా ఎక్కకుండా ఉండరు.

ఆ రెండు రాళ్లలో నల్లది గోదావరి జిల్లాల్లో గౌరీపట్నం, పంగిడి వైపు క్వారీల నుంచి వచ్చే నల్ల కంకర రాయి. అది బసాల్ట్, లావా గడ్డకట్టిన రాయి. చందమామలో కుందేలు అని మనం చూపించే నల్ల మచ్చలు కూడా బసాల్టే, కాకపోతే వయసు తేడా. గోదావరి బసాల్ట్‌కు ఆరున్నర కోట్ల ఏళ్లు, చంద్రుడి మచ్చల్లో చాలా వాటికి 300 కోట్లకు పైన. తెల్ల రాయి ఖమ్మం వైపు చీమలపాడు దగ్గర దొరికే అనార్థసైట్. చంద్రుడి తెల్లటి భాగమంతా ఈ జాతి రాయే, పుట్టిన తీరు వేరైనా. చంద్రుడు పుట్టిన కొత్తలో పైపైన అంతా కరిగిన రాతి సముద్రమని, తేలికైన ఖనిజం పాలమీద మీగడలా తేలి తెల్లటి పొరగా గట్టిపడిందని ఒక సిద్ధాంతం. 1969లో అపోలో-11 తెచ్చిన మట్టిలో దొరికిన చిన్న చిన్న తెల్ల పలుకుల్ని చూసి కట్టిన ఊహ అది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక ప్రజ్ఞాన్ రోవర్ 103 మీటర్లు నడిచి, 23 చోట్ల మట్టిని పరీక్షించింది. దక్షిణాన 69 డిగ్రీల దగ్గర, అంతకుముందు ఎవరూ దిగని చోట, మట్టి ఆ సిద్ధాంతం చెప్పినట్టే ఉంది. ఆ ఫలితాలు 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చాయి. ఆ రోజు నేను ఆ తెల్లరాయిని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఊరి అనుభవంతో ముడిపెడితే ఎంత కష్టమైన విషయమైనా ఎక్కుతుంది. చంద్రయాన్-3లో చంద్రుడి మీద దిగిన విక్రమ్ ల్యాండర్ మీది చాస్టే పరికరం నేలలోకి గుచ్చి వేడి కొలిస్తే, పైన 50 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు 8 సెంటీమీటర్ల లోతులో సున్నాకు 10 డిగ్రీలు కింద ఉంది. చీరాల దగ్గర ఒక బడిలో ఇది చెప్తే, ఒక పాప “మా బీచ్‌లో మిట్టమధ్యాహ్నం కాళ్లు కాలితే ఇసుక తవ్వి లోపల పెట్టుకుంటాం మేడం” అంది. అంతే! గాలి లేని చోట, పొడిగా వదులుగా ఉన్న మట్టిలో వేడి కిందికి ఇంకా నెమ్మదిగా దిగుతుంది. నేను చెప్పాల్సిన పాఠం సగం ఆ పాపే చెప్పేసింది.

కష్టమైన రోజులూ ఉంటాయి. 2019 సెప్టెంబర్ 7, శనివారం. చంద్రయాన్-2 ల్యాండర్, దాని పేరూ విక్రమే, దిగాల్సింది రాత్రి 1:53కి. దిగలేదు. పొద్దున 10 గంటలకు ఒక బడిలో నా ప్రసంగం ముందే ఖరారైంది. రాత్రంతా నిద్ర లేదు, మానేద్దామనుకున్నాను. వెళ్లేసరికి పిల్లలు కూడా ఎర్రటి కళ్లతో కూర్చున్నారు, టీవీ ముందు మేలుకుని చూశారట. ఒకమ్మాయి “ఇప్పుడేం చేస్తారు మేడం?” అంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ల్యాండర్ పోయినట్టే ఉంది, ఎందుకో ఇంకా తెలియదు, తెలిసేదాకా వెతుకుతారు అన్నాను. పైన ఎనిమిది పరికరాలతో ఆర్బిటర్, అంటే చంద్రుడి చుట్టూ తిరిగే నౌక, క్షేమంగా తిరుగుతోందని బోర్డు మీద గీసి చూపించాను. నాలుగేళ్ల తర్వాత చంద్రయాన్-3 దిగాల్సిన చోటు ఎంచుకోవడానికి ఆ ఆర్బిటర్ తీసిన బొమ్మలే పనికొచ్చాయి. పిల్లల ముందు ఓటమిని దాచకపోవడం మంచిదైందని ఇప్పటికీ అనుకుంటాను.

పత్రికల వాళ్లతో మాత్రం జాగ్రత్త అవసరం. ఒక విలేకరి ఫోన్ చేసి చంద్రుడి మీద నీటి గురించి అడిగితే అరగంట వివరించాను. మర్నాడు “చంద్రుడిపై చెరువులు” అని శీర్షిక, కింద నా పేరు. అప్పటి నుంచి ముందే ఒక్క వాక్యం రాసుకుని, చివర్లో దాన్నే మళ్లీ చెప్పి, “శీర్షికకు ఇది వాడండి” అని అడుగుతున్నాను. చాలామంది వాడుతున్నారు కూడా.

చెప్పడమే ప్రధాన వృత్తిగా కావాలనుకుంటే దానికీ చోట్లున్నాయి. హైదరాబాద్‌లో బిర్లా ప్లానెటోరియం ఉంది, తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, ముంబైలో హోమీ భాభా సైన్స్ ఎడ్యుకేషన్ కేంద్రం ఉంది. ఆ కేంద్రం చూసే ఖగోళ ఒలింపియాడ్ వయసు మీ అమ్మాయికి దాటిపోతోంది, కానీ పాత ప్రశ్నపత్రాలు చేస్తే మంచి సాధన. వీధిలో తొమ్మిదో తరగతి పిల్లలుంటే వాళ్లకు ఇస్రో యువిక గురించి చెప్పమనండి. ఎంపికైన పిల్లలకు రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో శిక్షణ ఇస్తారు.

ఇప్పటికిప్పుడు మీరు చేయగలిగింది ఒకటుంది. ఎవరి దగ్గరైనా బైనాక్యులర్ అడగండి. 7x50 గానీ 10x50 గానీ సరిపోతుంది. శుక్ల అష్టమి రాత్రి డాబా మీద కూర్చుని చంద్రుణ్ణి చూడమనండి. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి నీడలు పొడుగ్గా పడి, గుంతలు బాగా తేలతాయి. ఫోన్‌తో ఫొటో తీయొద్దు, పెన్సిల్‌తో గీయమనండి. ఒక రాత్రికి ఒకే బొమ్మ, కింద తేదీ, టైం. పౌర్ణమి దాకా రోజూ గీస్తే, వెలుగు గీత ఎటు జరుగుతోందో, నిన్నటి గుంత ఇవాళ ఎందుకు మాయమైందో తనే అడుగుతుంది. ఆ బొమ్మలు నాకు పంపండి. ఏ గుంత పేరేమిటో నేను రాసి పంపిస్తాను.